రంగు కనిపిస్తుంది, కులాన్ని అడుగుతారు

సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ చదవని పాతతరం తెలుగు పాఠకులు అరుదు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మన చేతికిచ్చినప్పుడు ఆ పుస్తకం ఇంటింటా చేతులు మారింది. అందులోని బానిస కుంటా కింటే పాదం నరికే ఘట్టం దగ్గర చదవలేక పుస్తకం మూసేసినవాళ్లు నాకు తెలుసు. 2020 మే 25న మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు మోపి ప్రాణం తీసినప్పుడూ అంతే. ఇక్కడ ఇందిరాపురంలో మా సొసైటీ తెలుగువాళ్లు ఆ వీడియో చూసి కలత చెందారు. అమెరికాలో జాతి అసమానత మనకు సులువుగా అర్థమవుతుంది, దాని గురించి మనం సులువుగా బాధపడగలం. ఎందుకంటే ఆ తప్పు మనం చేసింది కాదు.

ఆ బాధను మన గడప దాకా తెచ్చే పని రెండు పుస్తకాలు కలిసి చేస్తాయి. ఒకటి 2010లో వచ్చిన ఇసబెల్ విల్కర్సన్ ‘ది వార్మ్‌త్ ఆఫ్ అదర్ సన్స్’. రెండోది 2017లో న్యూయార్క్‌లో అచ్చయిన సుజాత గిడ్ల ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’. మొదటిది అమెరికా దక్షిణాది నుంచి నల్లజాతి ప్రజలు సాగించిన మహా వలస చరిత్ర. రెండోది ఆంధ్రదేశంలో ఒక మాల క్రైస్తవ కుటుంబం నాలుగు తరాల చరిత్ర. రెండూ ఇంగ్లీషులోనే వచ్చాయి, రెండూ అమెరికాలోనే అచ్చయ్యాయి, రెండూ కల్పన కాదు. విడివిడిగా చదివితే రెండూ గొప్ప పుస్తకాలే. పక్కపక్కన పెట్టి చదివితే ఒక్కో పుస్తకం రెండోదానిలో మనం గమనించనిదాన్ని చూపిస్తుంది. జాతి వివక్ష, కుల వివక్ష ఒకటేనా అన్న ప్రశ్నకు ఈ రెండు పుస్తకాల నడుమ దొరికే జవాబు, ‘రెండూ ఒకటే’ అని ఎవరైనా సూత్రీకరించి చెప్పే జవాబు కంటే నిజమైనది.

ఇద్దరు రచయిత్రులు, రెండు పద్ధతులు

విల్కర్సన్ తల్లిదండ్రులు దక్షిణాది నుంచి వాషింగ్టన్‌కు వలస వచ్చినవాళ్లు. ఆమె న్యూయార్క్ టైమ్స్ షికాగో కార్యాలయానికి అధిపతిగా పనిచేశారు, 1994లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ఈ పుస్తకం కోసం 1,200 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. 1915 నుంచి 1970 దాకా సుమారు 60 లక్షల మంది నల్లవాళ్లు దక్షిణాది విడిచి ఉత్తరానికీ పడమరకూ వెళ్లిన చరిత్రను ముగ్గురి జీవితాల మీద నడిపారు. మిసిసిపీ పత్తిచేల నుంచి 1937లో బయల్దేరి చివరికి షికాగో చేరిన ఐడా మే గ్లాడ్నీ. ఫ్లోరిడా నారింజ తోటల నుంచి 1945లో న్యూయార్క్ పారిపోయిన జార్జ్ స్టార్లింగ్. లూసియానా నుంచి 1953లో కారులో లాస్ ఏంజెలిస్ వెళ్లిన శస్త్రవైద్యుడు రాబర్ట్ ఫోస్టర్.

గిడ్ల వెయ్యిమంది దగ్గరికి వెళ్లలేదు. వరంగల్ ఆర్.ఈ.సి.లో చదివి, ఐఐటీ మద్రాసులో పరిశోధన చేసి, ఇరవయ్యారేళ్లకు అమెరికా చేరి, తర్వాత న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టర్ అయిన ఆమె, తన మేనమామనూ తల్లినీ కూర్చోబెట్టి మాట్లాడించారు, గంటల తరబడి రికార్డు చేశారు. ఆ మేనమామ కె.జి. సత్యమూర్తి. ఇంట్లోవాళ్లకు సత్యం, తెలుగు సాహిత్యానికి శివసాగర్. 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ స్థాపించినవారిలో ఒకరు. తల్లి మంజుల బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివి, ఊరూరా తాత్కాలిక లెక్చరర్ ఉద్యోగాలు చేస్తూ పిల్లల్ని పెంచిన మనిషి.

విల్కర్సన్‌ది పత్రికా రచయిత పని. వినడం, సరిచూడడం, విడివిడి గొంతుల్లోంచి ఒక దేశపు కథ కట్టడం. గిడ్లది ఇంటిమనిషి పని. ఆమెకు సొంత కుటుంబమే సాక్ష్యం. అందుకే విల్కర్సన్ వాక్యం నిండుగా, ఓపికగా, అక్కడక్కడ ప్రార్థనలా సాగుతుంది. గిడ్ల వాక్యం పొడి వాక్యం. ఆకలినీ అవమానాన్నీ ఒకే స్థాయిలో చెప్పి ముందుకు పోతుంది. మేనమామ మీద ప్రేమ ఉన్నా ఆయన తప్పుల్ని దాచదు.

దారి పుస్తకం, వంశం పుస్తకం

విల్కర్సన్ పుస్తకానికి వెన్నెముక దారి. రైలు పట్టాలు, హైవేలు, టికెట్లు, చీకట్లో బయల్దేరడాలు. ముగ్గురి కథల్లోనూ ఇల్లు విడిచే రోజే మలుపు. గిడ్ల పుస్తకానికి వెన్నెముక వంశం. ముత్తాతల నుంచి మొదలై తాత, అమ్మమ్మ, మేనమామలు, తల్లి అంటూ దిగివస్తుంది. ఇద్దరూ ఈ రూపాల్ని అలవాటుకొద్దీ ఎంచుకోలేదు. ఏ రకం అణచివేత గురించి రాస్తున్నారో ఆ అణచివేతే ఆ రూపాన్ని నిర్ణయించింది.

దక్షిణాది రాష్ట్రాల్లో జాతి వేర్పాటు రాసిపెట్టిన చట్టం. 1896లో ప్లెసీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దానికి ముద్ర వేసింది. విడి రైలుపెట్టెలు, విడి బడులు, విడి నీళ్ల కుళాయిలు అన్నీ ఆ చట్టం నీడన నడిచాయి. చట్టానికి సరిహద్దు ఉంటుంది, సరిహద్దు దాటితే మరో చట్టం. చర్మం మార్చుకోలేని మనిషి కనీసం చోటు మార్చుకోవచ్చు. మిసిసిపీలో ఓటు అన్న ఊసే ఎరగని ఐడా మే 1940లో షికాగోలో మొదటిసారి ఓటు వేశారు. అక్కడా వివక్ష ఉంది. అయినా చేతిలో ఓటు ఉంది. దారి నిజంగానే ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్లింది.

గిడ్ల మనుషులూ ఊళ్లు మారుతూనే ఉంటారు. ఆమె ముత్తాతలు ఖమ్మం అడవుల్లో బతికిన జనం. టేకు తోటల కోసం బ్రిటిష్‌వాళ్లు అడవులు ఖాళీ చేయిస్తే ఒక చెరువు పక్కన చేరి శంకరపాడు అన్న ఊరు కట్టుకున్నారు. అడవిలో ఉన్నన్నాళ్లూ వాళ్లకు అంటరానితనం లేదు. ఊరి వ్యవసాయంలోకి, ఊరి అప్పుల్లోకి వచ్చాక భూమి పోయింది, కులం వచ్చింది. తర్వాత కెనడా మిషనరీల ద్వారా క్రైస్తవం వచ్చింది. బడి దొరికింది, అక్షరం దొరికింది, కులం మాత్రం వదలలేదు. గుంటూరు ఏసీ కాలేజీలో కట్టుకోను సరైన బట్టలు లేక, తిండికి లేక సత్యం పడిన అవస్థ చదివితే, పట్నం వచ్చినంత మాత్రాన ఏదీ మారదని తెలుస్తుంది. గుడివాడ, గుంటూరు, విశాఖ, వరంగల్, కాకినాడ. ఇన్ని ఊళ్లున్నా ఏ ప్రయాణమూ ఈ పుస్తకంలో మలుపు కాదు. కులానికి సరిహద్దు లేదు. మనిషి ఎక్కడికి వెళితే అక్కడికి ముందే చేరుకుని ఉంటుంది. అందుకే ఈ కథను దారిగా చెప్పలేం, వంశంగానే చెప్పాలి.

ఇంకో తేడా కూడా ఉంది. అమెరికాలో చట్టమే వివక్షకు కొమ్ము కాసింది. కాబట్టి 1954 నాటి బ్రౌన్ తీర్పు, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం ఆ చట్టాన్నే కూల్చాల్సి వచ్చింది. మన దగ్గర 1950లోనే రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. మిసిసిపీ నల్లవాళ్లకు ఓటు నిజంగా దక్కడానికి పదమూడేళ్ల ముందే, 1952 నాటికే మన దళితులు దేశమంతటా ఓటు వేశారు. కాగితం మీద మనమే ముందున్నాం. గిడ్ల పుస్తకంలో చాలా భాగం ఆ కాగితం వచ్చిన తర్వాత జరిగేదే. అమెరికా వ్యాధి పేరు చట్టంలో రాసి ఉంది కాబట్టి దాన్ని వేలెత్తి చూపడం సాధ్యమైంది. మన వ్యాధి చట్టానికి బయట, ఇళ్లలో, వంటగదుల్లో, పెళ్లి సంబంధాల్లో దాక్కుంది. దాన్ని పట్టుకోవాలంటే కుటుంబ చరిత్రే రాయాలి. గిడ్ల చేసింది అదే.

మోటెల్ గుమ్మం, ఫ్లాట్ గుమ్మం

విల్కర్సన్ పుస్తకంలో నేను ఎన్నటికీ మరచిపోలేని ఘట్టం రాబర్ట్ ఫోస్టర్ అరిజోనా ఎడారి ప్రయాణం. ఆయన సర్జన్, సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసినవాడు. కారులో ఒక్కడే రోజుల తరబడి నడిపి అలసిపోయాడు. దక్షిణాది దాటాను కదా, ఇక గది దొరుకుతుందనుకున్నాడు. ఒక మోటెల్‌లో లేదన్నారు, మరోదానిలో ఇప్పుడే నిండిందన్నారు. చివరికి ఒక దంపతుల ముందు మనసు విప్పి అడిగాడు. వాళ్లు ఇలినాయ్ నుంచి వచ్చినవాళ్లు, చెడ్డవాళ్లు కారు. లోపలికి వెళ్లి మాట్లాడుకుని వచ్చి, మాకేం అభ్యంతరం లేదు గానీ చుట్టుపక్కల మోటెళ్లవాళ్లు మమ్మల్ని వెలివేస్తారన్నారు. ఆ రాత్రి ఆయన నిద్ర లేకుండా ఎడారి దాటాడు.

ఆ దంపతుల మాట చదవగానే నాకు ఇందిరాపురంలో విన్న మాటలు గుర్తొచ్చాయి. హైదరాబాద్ నుంచి బదిలీ మీద ఢిల్లీ వచ్చిన ఒక తెలుగు కుటుంబం మా పక్క టవర్‌లో ఫ్లాట్ అడిగింది. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. అద్దె కుదిరింది, అడ్వాన్సు మాట్లాడుకున్నారు. ఇక్కడి ఓనర్లకు తెలుగు ఇంటిపేరు చూసి ఏమీ తెలియదు. కాబట్టి బ్రోకర్ వరుసగా అడుగుతూ పోయాడు. పూర్తి పేరేమిటి, నాన్నగారి పేరేమిటి, మాంసం వండుతారా, ‘మీరు ఏ బిరాదరీ’, అంటే ఏ కులం. ఆయన దాచలేదు. మరునాడు ఫోన్ వచ్చింది. ‘ఓనరుకు ఏ ఇబ్బందీ లేదండీ, పక్క ఫ్లాట్లవాళ్లే ఒప్పుకోరు.’ అరిజోనాలో 1953లో అన్న మాటే అది. తనకు ద్వేషం లేదని చెబుతూ ఇరుగుపొరుగు పేరు మీద తలుపు మూయడం.

తేడా ఎక్కడుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫోస్టర్‌ను ఎవరూ ఏమీ అడగలేదు, చూశారు, చాలు. ఈ తెలుగాయన్ను చూస్తే ఏమీ తెలియదు, అందుకే అడిగారు. జాతి వివక్షకు కన్ను చాలు. కుల వివక్షకు ప్రశ్న కావాలి. ఉత్తరాది ఓనరు నాలుగు ప్రశ్నలు అడగాలి. తెలుగు ఓనరుకు ఆ శ్రమ కూడా అక్కర్లేదు, ఇంటిపేరూ ఊరిపేరూ వింటే చాలు. అర్థం కాకపోతే ‘మీరేమిట్లు?’ అని అడుగుతాడు. పుట్టిపెరిగిన ఊరికి పదహారు వందల కిలోమీటర్ల దూరాన, గాజియాబాద్ జిల్లాలో, అహింసా ఖండ్, న్యాయ ఖండ్ అని పేర్లున్న కాలనీల్లో మన తెలుగువాళ్లం ఆ ప్రశ్నను వెంట తెచ్చుకున్నాం.

ఇది ఒకరిద్దరి అనుభవం కాదు. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్, ఆయన సహ పరిశోధకులు 2012లో ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్, ఫరీదాబాద్, గాజియాబాద్‌లలో అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. అగ్రకులాల పేర్లతో, దళిత పేర్లతో, ముస్లిం పేర్లతో ఒకే రకంగా ఇల్లు అడిగించారు. అగ్రకులాల వారికి దొరికిన ఆదరణ దళితులకు దొరకలేదు, ముస్లింలకు ఇంకా తక్కువ దొరికింది. ఒప్పుకున్నచోటా అద్దె పెంచారు, షరతులు పెట్టారు. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒకే ఇంటికి పంపి వివక్షను పట్టుకునే ఈ పరీక్ష పద్ధతి అమెరికాలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. పద్ధతి అక్కడిది, ఫలితం మన గాజియాబాద్‌ది.

చట్టం ఏం చేసిందో కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. అమెరికాలో 1930లలో ప్రభుత్వ సంస్థలే నగరాల పటాలు గీసి, నల్లవాళ్లుండే పేటల్ని ఎర్రరంగుతో గుర్తించి గృహరుణాలకు పనికిరావన్నాయి. ఇల్లు అమ్మేటప్పుడు నల్లవాళ్లకు అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. 1948లో షెల్లీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని ఏ కోర్టూ అమలు చేయకూడదంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. మన దగ్గర 2005లో అహ్మదాబాద్ పార్సీ గృహ సహకార సంఘం కేసులో సుప్రీంకోర్టు, ఒక సంఘం తన సభ్యత్వాన్ని ఒక్క సమాజానికే పరిమితం చేసుకునే నిబంధనను సమర్థించింది. దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర వివక్ష కూడదన్న రాజ్యాంగం 15వ అధికరణం అద్దె ఇంటి పేరు ఎత్తదు. ఈ రెండు దేశాల తీర్పుల మధ్య యాభై ఏడేళ్లు గడిచాయి. వెనక ఉండిపోయింది మనమే.

ఉద్యమం లోపలి మనిషి

జార్జ్ స్టార్లింగ్ కథకూ సుజాత గిడ్ల జీవితానికీ ఒక పోలిక ఉంది. ఆయన నారింజ కోసే కూలీల్ని కూడగట్టి కూలి రేటు పెంచమన్నారు. తోటల యజమానులు చంపబోతున్నారని తెలిసి న్యూయార్క్ పారిపోయి, జీవితమంతా రైళ్లలో అటెండెంటుగా పనిచేశారు. వేర్పాటు రోజుల్లో రైలు దక్షిణాదిలోకి వెళ్తుంటే నల్ల ప్రయాణికుల్ని వాళ్ల విడి పెట్టెలోకి మార్చే పని ఆయన చేతే చేయించేవారు. 1964 చట్టం వచ్చాక కూడా పాత అలవాటు ప్రకారం మార్చమని పైవాళ్లు చెబుతుంటే, ఆయన ప్రయాణికుల చెవిలో, మీరు కదలాల్సిన పని లేదు, చట్టం మీ వైపు ఉందని చెప్పేవారు. విల్కర్సన్ పుస్తకంలో ఉద్యమం అంటే పెద్ద ఊరేగింపులే కాదని, ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఒక మనిషి మరో మనిషితో మెల్లగా చెప్పే మాట అని ఇక్కడ అర్థమవుతుంది.

గిడ్ల కూడా న్యూయార్క్‌లోనే రైళ్లలో పనిచేస్తూ ఈ పుస్తకం రాశారు. ఉద్యమం గురించి ఆమె చెప్పిన నిజం మాత్రం విల్కర్సన్ చెప్పినదానికంటే చేదు. సత్యమూర్తి కమ్యూనిస్టు అయ్యారు, నక్సలైట్ అయ్యారు, అజ్ఞాతంలో బతికారు. పార్టీలోపల మంగలి కులం కామ్రేడ్లు గడ్డాలు గీయాలని, చాకలి కులంవాళ్లు బట్టలు ఉతకాలని, దళితులు పాయిఖానాలు ఊడ్వాలని ఉన్న అలవాటును యువకులు ఆయన దృష్టికి తెచ్చారు. ఆ ప్రశ్నను ఆయన పార్టీ ముందు పెట్టారు. ఫలితం బహిష్కరణ. సమానత్వం కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడిన పార్టీ, కులం గురించి అడిగినవాణ్ణి భరించలేకపోయింది. విప్లవ సాహిత్యం మీద తెలుగులో ఎంతో విమర్శ వచ్చింది. కానీ దళం లోపలి గడ్డం కత్తినీ చాకిరేవునూ ఇంత దగ్గరగా చూపించిన పేజీలు తక్కువ.

ఉత్తరాది కార్మిక సంఘాలు నల్లవాళ్లను ఎలా బయట ఉంచాయో విల్కర్సన్ కూడా చెబుతారు. కానీ ఆమె మనుషులు ఆ సంఘాల బయట నిలబడినవాళ్లు. గిడ్ల మనిషి తనను గెంటిన పార్టీని స్థాపించినవారిలో ఒకడు. బయట ఉంచడం ఒక గాయం, నువ్వు కట్టిన ఇంటి నుంచే నిన్ను గెంటడం మరో గాయం. ఈ ఒక్క విషయంలో గిడ్ల పుస్తకం విల్కర్సన్ పుస్తకం కంటే లోతుకు వెళ్లింది.

ఇద్దరు స్త్రీలు

విల్కర్సన్ పుస్తకానికి గుండె ఐడా మే. పత్తి తీయడం చేతకాక, పిల్లల్ని కని, భర్తతో షికాగో చేరి, ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేసి, ముసలితనంలో సౌత్ షోర్ పేటలో కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తూ ఉండే మనిషి. ఆ కుటుంబం 1960ల చివర అక్కడ ఇల్లు కొన్న తర్వాత తెల్లవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేసి వెళ్లిపోయారు. పేట పూర్తిగా మారిపోయింది. ఆమె ఎవర్నీ ద్వేషించలేదు.

గిడ్ల పుస్తకానికి గుండె సత్యం అనిపిస్తుంది గానీ, నా దృష్టిలో మంజుల. అన్న పార్టీ కోసం ఇల్లు విడిచాడు, ఆమె ఇల్లు మోసింది. పెళ్లి విషయం అన్నలు నిర్ణయించారు. అత్తింట్లో దెబ్బలు తిన్నారు. తాత్కాలిక ఉద్యోగం కోసం ఊరూరు తిరుగుతూ ముగ్గురు పిల్లల్ని పెంచారు. సమానత్వం గురించి గొప్పగా మాట్లాడే అన్నల ఇంట్లో ఆడపిల్లకు దొరికిన స్థానం ఏమిటో కూతురు మొహమాటం లేకుండా రాసింది. విల్కర్సన్ తన స్త్రీని ప్రేమతో ఎత్తి చూపిస్తే, గిడ్ల తన తల్లి మీద జరిగిన అన్యాయంలో సొంత కుటుంబం వాటా ఎంతో లెక్క చెప్పారు. ఈ నిజాయితీ తెలుగు ఆత్మకథల్లో అరుదు.

రెండు పుస్తకాల లోపాలు

విల్కర్సన్ ఎంచుకున్న ముగ్గురూ ఏదో విధంగా నిలదొక్కుకున్నవాళ్లు. ఉత్తరాదిలో జైళ్ల పాలైనవాళ్లు, పేటలు ఎండిపోయి చితికిపోయినవాళ్లు అంచుల్లోనే కనిపిస్తారు. మనిషి పట్టుదలపై ఆమెకున్న నమ్మకం పుస్తకానికి వెచ్చదనం ఇచ్చింది. అదే నమ్మకం ఆర్థిక వ్యవస్థ మీద విచారణను కొంత తగ్గించింది. గిడ్ల పుస్తకంలో లోపం మరో రకం. పేర్లు, చుట్టరికాలు పాఠకుడి మీద ఒక్కసారిగా వచ్చి పడతాయి. సత్యమూర్తి యవ్వనం మీద పెట్టిన శ్రద్ధ పీపుల్స్‌వార్ కాలం మీద లేదు. 1985 జూలై 17న కారంచేడులో దళితుల ఊచకోత, 1991 ఆగస్టు 6న చుండూరు, ఆ ఘటనల నేపథ్యంలో కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారు నిలబెట్టిన దళిత ఉద్యమం, అందులోంచి పుట్టిన కవిత్వం. సత్యమూర్తి మలిజీవితం ఆ ఉద్యమంతోనే ముడిపడి ఉంది. వాటికి దక్కాల్సిన చోటు ఈ పుస్తకంలో దక్కలేదు.

ఒకటే అని చెప్పడంలో పోగొట్టుకునేది

విల్కర్సన్ 2020లో ‘కాస్ట్’ అన్న పుస్తకం రాశారు. అమెరికా జాతి వ్యవస్థ, భారత కుల వ్యవస్థ, నాజీ జర్మనీ మూడింటికీ పునాదులు ఒకటేనని, ఆ పునాదులు ఎనిమిదని అందులో వాదించారు. ఆవా డువెర్నే దాని ఆధారంగా 2023లో ‘ఆరిజిన్’ సినిమా తీశారు. అమెరికన్లకు తమ సమాజాన్ని కొత్త కంటితో చూపించిన పుస్తకం అది. అయినా తెలుగు పాఠకుడిగా నా అభ్యంతరం ఒకటి. అందులో భారతదేశం ఎక్కువగా ఒక అద్దం. అమెరికా ముఖం కనిపించడానికి పట్టుకున్న అద్దం. ప్రశ్న అడిగి కులం కనిపెట్టే మన పద్ధతి, చట్టం రద్దు చేసినా ఇంట్లో బతికే మన అంటరానితనం, ఉద్యమాల లోపలే దాక్కున్న మన కులం, ఇవి ఆ సమీకరణంలో కరిగిపోతాయి. ఆమె పాత పుస్తకాన్ని గిడ్ల పుస్తకం పక్కన పెట్టి చదివితే ఈ తేడాలు మిగులుతాయి. పోలికలూ మిగులుతాయి.

ఇద్దరి బాధల్నీ కలిపి చూడడం మనకు కొత్త కాదు. 1873లోనే జోతిరావ్ ఫూలే తన ‘గులామ్‌గిరీ’ని నల్లజాతి బానిసల విముక్తికి కృషి చేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చారు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డ్యుబాయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితి ముందు నల్లజాతి వారు పెట్టిన వినతిపత్రం ప్రతి అడిగారు. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్స్ పేరు స్ఫూర్తితో దళిత్ పాంథర్స్ పెట్టారు. వీళ్లెవరూ రెండు బాధలూ ఒకటే అనలేదు. ఒకరి పోరాటం నుంచి మరొకరు నేర్చుకుందామన్నారు. ఆ దారే సరైనది.

ఈనాటి లెక్క

1970 తర్వాత మహా వలస దారి ముగిసింది గానీ అసమానత ముగియలేదు. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 సర్వే ప్రకారం మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి 2 లక్షల 85 వేల డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900 డాలర్లు. ఎర్రగీతలు గీసిన పటాలు, దొరకని గృహరుణాలు ఈ అంకెల్లో ఇంకా బతికున్నాయి. మన దగ్గర 2011-12 జాతీయ సర్వేలో 27 శాతం కుటుంబాలు తమ ఇంట అంటరానితనం పాటిస్తామని స్వయంగా ఒప్పుకున్నాయి. ఒప్పుకోనివారిని అందులో కలపలేదు.

తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేకమైన రుణం ఉంది. 1965 వలస చట్టం అమెరికా తలుపుల్ని ఆసియావాళ్లకు తెరిచింది. పౌరహక్కుల ఉద్యమం మారుస్తున్న ఆ కాలపు గాలే ఆ చట్టాన్ని సాధ్యం చేసింది. నల్లవాళ్లు దెబ్బలు తిని గెలుచుకున్న చోటులోంచే మన ఇంజనీర్లు, డాక్టర్లు లోపలికి నడిచారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు మనం ఆ చోటు విలువ తెలుసుకున్నాం. గిడ్ల పుస్తకం వచ్చింది అదే ఏడాది జూలైలో. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అలాంటి బిల్లును గవర్నర్ తిప్పి పంపారు. దాన్ని అడ్డుకోవడానికి పూనుకున్నవారిలో భారతీయులే ఎక్కువ. జాతి వివక్ష మనకు తగిలితే అన్యాయం, కుల వివక్ష మనం చేస్తే సంస్కృతి అన్న వాదన నిలవదు. ఈ రెండు పుస్తకాలూ చదివినవారు ఆ మాట అనలేరు.

రచనగా చూస్తే విల్కర్సన్ పుస్తకం మరింత నిండైనది, పకడ్బందీగా కట్టినది. తెలుగు సమాజానికి ఈనాడు అవసరమైన పుస్తకం మాత్రం గిడ్లదే. మొదటిది చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు రెండోది చదివి సిగ్గుపడాలి. ‘ఏడు తరాలు’ ఇంటింటా చదివిన తెలుగు పాఠకులు గుడివాడ, కాజీపేట, కాకినాడల కథ చదవకపోతే ఆ చదువు సగమే.

ఇందిరాపురంలోనూ ఢిల్లీ చుట్టుపక్కలా ఫ్లాట్లు ఉన్న తెలుగు ఓనర్లకు ఒక్క మాట. ఈసారి ఎవరైనా ఇల్లు అడిగితే అద్దె కట్టగలరా, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటారా అని అడగండి. నాన్నగారి పేరు, వంటింటి విషయం, ‘మీరేమిట్లు’ అన్న ప్రశ్న మానేయండి. మీ అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్ సమావేశంలో కులం, మతం చూసి ఇల్లు నిరాకరించకూడదన్న తీర్మానం ఒకటి పెట్టండి. అమెరికాలో అది చట్టం కావడానికి 1968 దాకా పట్టింది. మన టవర్‌లో అది ఈ నెల సమావేశంలోనే జరగవచ్చు.